జోన్ మార్చింది ఎవరు, మన అభ్యంతరం విన్నది ఎవరు?

మీ ప్రశ్న సారాంశం ఇది. తిరుచానూరు రోడ్డు వైపు మీ కాలనీని ఆనుకుని రెండెకరాల ఖాళీ స్థలం ఉంది. ఏ స్థలం దేనికి వాడాలో చెప్పే మాస్టర్ ప్లాన్‌లో అది నివాస జోన్. ఇప్పుడక్కడ కల్యాణ మండపానికి పునాదులు తీస్తున్నారు. ఆరా తీస్తే స్థలం వాణిజ్య జోన్‌గా మారిపోయిందని, జీవో కూడా వచ్చేసిందని తెలిసింది. కార్పొరేటర్‌ని అడిగితే "ఆ ఫైలు కౌన్సిల్‌కి రానేలేదప్పా" అన్నారు. టుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసులో "అది గవర్నమెంట్ ఆర్డరు, మా చేతుల్లో ఏముంది" అన్నారు. అమరావతి దాకా వెళ్లొచ్చిన మీ కాలనీ పెద్దాయనకు "కింద నుంచి వచ్చిన ప్రతిపాదన మీదే ఇచ్చాం" అనే జవాబు దొరికింది. అసలు ఈ నిర్ణయం ఎవరిది, ఇది చట్టమా ఆర్డరా, ఇప్పుడు మనం చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు.

ఉమ్మడి చిత్తూరు జిల్లా మునిసిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ విభాగంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఇలాంటి ఫైళ్లు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి ఎలా కదులుతాయో దగ్గర నుంచి చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటి జవాబు. కాగితం మీద నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వానిది. మీకు జవాబు చెప్పిన ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. చిక్కంతా అక్కడే ఉంది. ప్రతిపాదించింది ఒకరు, సంతకం పెట్టింది ఇంకొకరు, అభ్యంతరాలు విన్నది ఎవరో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఫైలు ఇన్ని చేతులు మారింది కాబట్టి అధికారాలు వేరువేరుగా ఉన్నాయని పైకి అనిపిస్తుంది. ఫైలు లోపల చూస్తే ఒకే శాఖ మనుషులు ప్రతిపాదన రాసి, దాని మీద వచ్చిన అభ్యంతరాలు పరిశీలించి, ఉత్తర్వు ముసాయిదా కూడా తామే తయారు చేస్తారు.

అసెంబ్లీ చట్టం చేస్తుంది, ప్రభుత్వం అమలు చేస్తుంది, తగవు వస్తే కోర్టు తేలుస్తుంది అని అందరం చదువుకున్నాం. ఊరి స్థాయికి దిగేసరికి ఆ గీతలు చెరిగిపోతాయి. మన కార్పొరేషన్లకు వర్తించేది 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం. అందులో కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్ అని వేరువేరు అధికార స్థానాలు ఉన్నాయి. తీర్మానం చేసేది కౌన్సిల్, అమలు చేసేది కమిషనర్. ఆ మేరకైనా విభజన ఉంది. భూ వినియోగం దగ్గరికి వచ్చేసరికి అదీ లేదు. మాస్టర్ ప్లాన్ తయారు చేసే పని టుడా లాంటి పట్టణాభివృద్ధి సంస్థలది. అవి 2016 నాటి మెట్రోపాలిటన్ రీజియన్, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం కింద నడుస్తాయి. చైర్మన్‌ని నియమించేది ప్రభుత్వం. ప్లాన్‌ని ఆమోదించేది ప్రభుత్వం. ఆమోదించిన ప్లాన్‌ని ఒక సర్వే నంబరు కోసం సవరించేదీ ప్రభుత్వమే. ఇందులో మీరు ఓటేసి గెలిపించిన కార్పొరేటర్‌కి చోటెక్కడుంది?

రాజ్యాంగం ఆలోచన ఇది కాదు. 1992 నాటి 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్ తీసి చూడండి. పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనుల్లో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. వీధి దీపాలు, శ్మశానాలు, కబేళాలు అన్నీ ఆ తర్వాతే. ఎంత మేరకు అప్పగించాలన్నది మాత్రం 243డబ్ల్యూ అధికరణం రాష్ట్ర శాసనసభకే వదిలేసింది. శాసనసభ వీధి దీపాలను అప్పగించి ప్రణాళికను తన ప్రభుత్వం దగ్గరే ఉంచుకుంది.

తిరుపతి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2007లో కార్పొరేషన్ అయింది. కార్పొరేషన్‌కి తొలి ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. ఆ మధ్య కాలమంతా ఎన్నికైన కౌన్సిల్ లేదు, దాని అధికారాలు స్పెషలాఫీసర్ చేతిలో ఉన్నాయి. కమిషనర్ ప్రతిపాదన పెడితే ఇంకో అధికారి కౌన్సిల్ స్థానంలో ఉండి తీర్మానం చేసేవారు. అజెండా ముందుగా అడిగే కార్పొరేటర్ లేడు, సమావేశంలో లేచి నిలబడి "ఈ అంశం ఏంది సార్, మాకు అర్థం కాలేదు" అనే మనిషి లేడు. కరకంబాడి రోడ్డు వైపు, ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఊరు వేగంగా పెరిగిన ఏళ్లు చాలావరకు అవే. చట్టప్రకారం అందులో తప్పు పట్టడానికి లేదు, స్పెషలాఫీసర్‌కి ఆ అధికారం ఉంది. కానీ తీర్మానం చేసేవాళ్లు, అమలు చేసేవాళ్లు ఒకే ఉద్యోగ వర్గం నుంచి వచ్చినప్పుడు ప్రశ్న పుట్టదు.

ఎన్నికైన కౌన్సిల్ ఉన్నప్పుడు అంతా బాగుంటుందని కూడా నేను అనను. టేబుల్ అజెండా అనే అలవాటు ఒకటుంది. ముందుగా పంపిన అజెండాలో లేని అంశాన్ని సమావేశం నడుస్తుండగా కాగితాల రూపంలో పంచి, చివరి పది నిమిషాల్లో ఆమోదింపజేస్తారు. అత్యవసరమైన తాగునీటి పనికో, వరద నష్టానికో ఈ పద్ధతి అవసరమే. లేఅవుట్లోని ఖాళీ స్థలం లీజు, రోడ్డు అలైన్‌మెంట్ మార్పు లాంటివి అలా వచ్చాయంటే మాత్రం అనుమానించాలి. మీ కార్పొరేటర్ మంచివారైతే ఆయనకు ముందు ఈ ఒక్క పని చెప్పండి: భూమికి సంబంధించిన ఏ అంశాన్నీ టేబుల్ అజెండాగా ఒప్పుకోబోమని మినిట్స్‌లో రాయించమనండి.

ఇక మీ ప్రశ్నలో అసలు ముక్క. ఇది చట్టమా, ఆర్డరా?

ఊరు మొత్తానికి మాస్టర్ ప్లాన్ గీయడం శాసనం చేయడం లాంటి పనే. ఎవరిదో ఒకరి స్థలం కోసం కాకుండా అందరికీ, రాబోయే కాలానికి వర్తించే నియమం అది. 1987లో సైనమైడ్ ఇండియా కేసులో మందుల ధరల నియంత్రణ మీద తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఈ తేడాను వివరించింది. అందరికీ వర్తించే నియమం చేసేటప్పుడు, చట్టమే వినమని చెబితే తప్ప, ఒక్కొక్కరినీ పిలిచి వినాల్సిన అవసరం లేదు. ఒక వ్యక్తికి సంబంధించిన విషయాన్ని తేల్చేటప్పుడు సంగతి వేరు.

మీ పక్క స్థలం దగ్గరికి రండి. ఒక యజమాని, ఒక సర్వే నంబరు, నాలుగు హద్దులు, ఒక దరఖాస్తు, ఒక చలానా. ఊరంతటికీ వర్తించే నియమం ఇందులో ఏముంది? ఒకరి కోరికకీ చుట్టుపక్కల వాళ్ల ఇబ్బందికీ మధ్య తీర్పు ఇది. కానీ మాస్టర్ ప్లాన్‌కి సవరణ అనే పేరుతో, జీవో రూపంలో, గెజిట్‌లో వస్తుంది కాబట్టి శాసనంలా కనబడుతుంది. కారణాలు ఎందుకు రాయలేదని అడిగితే ఇది శాసన స్వభావం ఉన్న పని అంటారు. అలాగైతే బహిరంగ చర్చ జరగాలి కదా అని అడిగితే ఇది పరిపాలనా ఉత్తర్వు అంటారు. రెండు వైపులా ఉండాల్సిన రక్షణ రెండూ పోతాయి. మీలాంటి కాలనీలు నష్టపోయేది ఇక్కడే అని నా గట్టి నమ్మకం.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 1973లో ఫసానో కేసులో దీన్ని ఎదుర్కొంది. కౌంటీ బోర్డు ఒక స్థలానికి జోన్ మార్చి అక్కడ మొబైల్ హోమ్ పార్కు కట్టుకునే వీలు కల్పించింది. ఎన్నికైన బోర్డు చేసింది కాబట్టి అది శాసనమనీ, కోర్టు లోతుగా చూడకూడదనీ వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. ఫలానా స్థలం మీద తీసుకునే నిర్ణయం తీర్పు లాంటిదని, అందులో ఇరుపక్షాలనూ వినాలని, నిర్ణయించేవాళ్లు ఏ పక్షంతోనూ చాటుగా మాట్లాడి ఉండకూడదని, రికార్డు, కారణాలు రాతలో ఉండాలని చెప్పింది. మార్పు ఎందుకు అవసరమో రుజువు చేసే భారాన్ని మార్పు కోరినవాళ్ల మీదే పెట్టింది. అక్కడి రాష్ట్రాలన్నీ ఈ దారి పట్టలేదు, మనకది వర్తించదు. కానీ ఆలోచన సరైనది, మన కోర్టుల ముందు చెప్పుకోదగ్గది.

మనకు నేరుగా పనికొచ్చే తీర్పు మన రాష్ట్రం నుంచే వెళ్లింది. 1959 నాటి గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు. బస్సు రూట్లను ఆర్టీసీకి అప్పగించే పథకం మీద ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరాలు చెప్పారు. వాటిని విన్నది రవాణా వ్యవహారాలు చూసే కార్యదర్శి. నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. ఒకరు విని మరొకరు తేలిస్తే ఆ విచారణకు అర్థం లేదని, పైగా ఆ పథకంతో సంబంధమున్న శాఖ అధికారే వినడం సరికాదని చెప్పి సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. బస్సు రూట్ల తగవే అయినా అందులోని సూత్రం మీ ఫైలుకి పెట్టి చూడండి. మీ అభ్యంతరం విన్నదెవరు? విన్నవారికి ఈ ప్రతిపాదనతో సంబంధం ఉందా? సంతకం పెట్టినవారు మీరు రాసింది చదివారా?

చదివారో లేదో ఫైలే చెబుతుంది. ప్రభుత్వ ఫైలుకి రెండు భాగాలు ఉంటాయి. దరఖాస్తు, స్కెచ్, లింకు డాక్యుమెంట్లు, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) నకలు, వచ్చిన ఉత్తరాలు ఉండేది కరెంట్ ఫైలు. అధికారులు ఒకరి కింద ఒకరు తమ అభిప్రాయం రాసేది నోట్ ఫైలు. జోన్ మార్పు ఫైళ్లలో నోట్ ఫైలు చివరికి వచ్చేసరికి తరచూ కనబడే వాక్యం ఒకటుంది: "గడువులోగా అభ్యంతరాలేవీ అందలేదు." అది నిజమే అయి ఉంటుంది, ఎందుకంటే నోటీసు వచ్చిన సంగతి చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. అభ్యంతరాలు వచ్చిన ఫైళ్లలో "పరిశీలించడమైనది, ఆమోదయోగ్యంగా లేవు" అని రాసి ఉంటుంది. ఎవరు పరిశీలించారు, మురుగు కాలువ గురించి రాసిన పేరాకి జవాబేమిటి, రోడ్డు వెడల్పు ఎవరైనా కొలిచారా, ఇవేవీ ఉండవు. నేను పనిచేసిన ఒకచోట, ఊరి పేరు చెప్పను, ఒక వీధివాళ్లంతా సంతకాలు పెట్టి ఇచ్చిన అభ్యంతర పత్రం కరెంట్ ఫైల్లో భద్రంగా ఉంది. నోట్ ఫైల్లో మాత్రం దాని ఊసే లేదు. పై అధికారులు నోట్ మాత్రమే చదువుతారు. ఉత్తర్వు వచ్చేసింది. ఆ వీధిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉండేవారు, ఆమె రాసిన పేజీలో ప్రతి ఇంటి సెప్టిక్ ట్యాంకు ఎటు వైపు ఉందో, వానాకాలంలో నీళ్లు ఎటు మళ్లుతాయో బొమ్మ గీసి మరీ చూపించారు. మా శాఖ స్కెచ్ కంటే అది మేలుగా ఉంది. అది చదవకుండా నిర్ణయం చేశారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. జోన్ మారితే దరఖాస్తుదారు డెవలప్‌మెంట్, కన్వర్షన్ చార్జీలు కట్టాలి. అవి వచ్చేది ప్రతిపాదనను సిఫార్సు చేసే వ్యవస్థకే. ఎవరికో లంచం ముట్టిందని నేను అనడం లేదు. ఆదాయం వచ్చే నిర్ణయాన్ని ఆదాయం అందుకునే సంస్థ పరిశీలించడం ఏ నిజాయితీపరుడైన అధికారి మీదైనా ఒత్తిడి పెడుతుంది. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కూడా అంతే. అనధికార లేఅవుట్‌లో వదలాల్సిన పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో కొంత శాతం కట్టించుకుని క్రమబద్ధం చేస్తారు. డబ్బు ఖజానాకి చేరుతుంది. ఆ కాలనీ పిల్లలకు ఆడుకునే స్థలం మాత్రం ఎప్పటికీ రాదు.

నోటీసు విషయానికి వస్తాను, ఎందుకంటే పారదర్శకత మొదలయ్యేది, ఆగిపోయేది అక్కడే. తుది జీవోకి ముందు ముసాయిదా సవరణను గెజిట్‌లో ప్రచురించి అభ్యంతరాలు, సూచనలు పంపమంటారు. సాధారణంగా ఇచ్చే గడువు 15 రోజులు. నోటీసులో మీ కాలనీ పేరు ఉండదు. గుడి పేరు, స్కూలు పేరు, వీధి పేరు ఉండవు. రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, "ఉత్తరం ఫలానా సర్వే నంబరులో భాగం, తూర్పు ఇప్పుడున్న రోడ్డు" అనే హద్దులు ఉంటాయి. పక్కింట్లో ఉన్నవాళ్లకు కూడా అది తమ పక్క స్థలమని అర్థం కాదు. అందుకే కాలనీ సంఘాలన్నిటికీ నేను చెప్పేదొకటే: మీ చుట్టూ ఉన్న ఖాళీ స్థలాల సర్వే నంబర్లు ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మీ రెవెన్యూ గ్రామం పేరు మీ పాత దస్తావేజులో ఉంటుంది.

జీవోలు దొరకడమూ కష్టమైన రోజులున్నాయి. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం జీవోలను అందరూ చూసే వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. ఏ పార్టీ అన్నది కాదు నా బాధ. ఒకరి ఇంటి పక్క నియమం మారిన కాగితం ఆ ఇంటివాళ్లకు కనబడకపోవడం ఏ ప్రభుత్వం కింద జరిగినా తప్పే. సమాచార హక్కు చట్టం 2005లోనే సెక్షన్ 4(1)(సి) కింద, ప్రజలపై ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు, నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ఎవరూ అడగకుండానే ప్రచురించాలని ఉంది. 4(1)(డి) ఇంకా బలమైనది: పరిపాలనా, అర్ధ న్యాయ (తీర్పు లాంటి) నిర్ణయాలకు కారణాలను ప్రభావితులకు చెప్పాలి. మన దగ్గర ఆర్టీఐ అంటే దరఖాస్తు పెట్టి ముప్పై రోజులు ఎదురుచూడడమే అనుకుంటున్నారు. ఈ రెండు నిబంధనలనూ ఎత్తి చూపి అడిగేవాళ్లు చాలా తక్కువ.

జీవో వచ్చేసింది కదా, ఇక చేసేదేముందని నిరాశపడకండి. మన తిరుపతి నుంచే ఒక ఉదాహరణ ఉంది. అవిలాల చెరువు, పేరూరు చెరువు భూముల్ని ప్రభుత్వం జీవోల ద్వారా ఇళ్ల నిర్మాణం కోసం టుడాకి, టీటీడీకి ఇచ్చింది. తిరుపతికి చెందిన ఇంటలెక్చువల్స్ ఫోరం అనే సంస్థ హైకోర్టులో ఓడిపోయినా వదలకుండా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో తీర్పు వచ్చింది. చెరువుల వంటి ప్రకృతి వనరులు ప్రభుత్వం సొంత ఆస్తి కాదని, ప్రజల తరఫున ధర్మకర్తగా మాత్రమే వాటిని చూసుకోవాలని కోర్టు చెప్పింది. అక్కడ కొత్త నిర్మాణాలు వద్దంది. కట్టేసిన ఇళ్ల కప్పుల మీద వాన నీటిని భూమిలోకి ఇంకించే ఏర్పాటు చేయమంది. దేశంలో చెరువుల కేసు ఎక్కడ నడిచినా న్యాయవాదులు ఈ తిరుపతి తీర్పును ఉదహరిస్తారు. మన ఊళ్లో చాలామందికి దీని గురించి తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అధికారం ఎవరిదో వారే వాడాలన్న విషయంలో 1991 నాటి బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు చూడండి. లేఅవుట్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశంతో ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చారు, అక్కడి అభివృద్ధి సంస్థ ఆ మాట ప్రకారం నడుచుకుంది. చట్టం ఎవరికి ఆ విచక్షణ ఇచ్చిందో వారు సొంత బుద్ధితో నిర్ణయించలేదని, పార్కు మాయం చేసే అధికారం ఎవరికీ లేదని ఆ కేటాయింపును కోర్టు రద్దు చేసింది. కేసు వేసింది ఆ చుట్టుపక్కల నివాసులే. వాళ్లకు కేసు వేసే అర్హత ఉందని కోర్టు స్పష్టంగా చెప్పింది. "మీకేం సంబంధం, స్థలం మీది కాదు కదా" అని ఎవరైనా అంటే ఈ కేసు చూపించండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పనులు. ముసాయిదా నోటీసు, తుది జీవో రెండూ సంపాదించండి. రెండింటి తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్క చూడండి, గడువు తీరకముందే ఫైలు కదిలి ఉంటే అదొక్కటే పెద్ద లోపం. టుడాకి ఒకటి, పురపాలక శాఖకి ఒకటి ఆర్టీఐ దరఖాస్తులు వేరువేరుగా పెట్టండి. "వివరాలు ఇవ్వండి" అని పొడిగా రాయకండి. నోట్ ఫైలు నకలు, సైట్ తనిఖీ నివేదిక, స్థానిక సంస్థ అభిప్రాయం అడిగారా, అడిగితే వచ్చిన జవాబు, అందిన అభ్యంతరాలు, వాటి మీద రాసిన రిమార్కులు అని పేరుపేరునా అడగండి. ఫైలు చూసుకునే హక్కు సెక్షన్ 2(జె) కింద ఉంది, తనిఖీకి కూడా సమయం అడగండి. ముప్పై రోజుల్లో రాకపోతే తర్వాతి ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

జీవో దొరికాక షరతుల పేజీ తప్పక చదవండి. చాలామంది అక్కడిదాకా వెళ్లరు. జోన్ మార్పును హక్కు పత్రంగా చూపకూడదని, మాస్టర్ ప్లాన్ రోడ్డు కిందికి వచ్చే భాగాన్ని ఉచితంగా స్థానిక సంస్థకు అప్పగించాలని ఈ జీవోల్లో మామూలుగా ఉంటుంది. రోడ్డు భాగం అప్పగించారా? రిజిస్టర్ చేసిన గిఫ్ట్ డీడ్ ఉందా? షరతు నెరవేరకుండా పునాదులు తీస్తుంటే కమిషనర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి.

జోన్ మారడం, కట్టడానికి అనుమతి రావడం రెండూ ఒకటి కావు. వాణిజ్య జోన్ అయినంత మాత్రాన కల్యాణ మండపం కట్టేయడానికి లేదు. 2017 నాటి ఏపీ బిల్డింగ్ రూల్స్ ప్రకారం రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లు (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ), పార్కింగ్ చూసి ప్లాన్ ఆమోదించాలి. అగ్నిమాపక ఏర్పాట్లు చూడాలి. ముహూర్తాల రోజుల్లో తిరుపతిలో మండపాల ముందు బస్సులు, కార్లు ఎలా నిలుస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆమోదించిన ప్లాన్ నకలు అడిగి అందులో పార్కింగ్ ఎక్కడ చూపారో, నేల మీద అక్కడేం కడుతున్నారో పోల్చండి. మీ అభ్యంతరంలో బలమైన భాగం ఇదే అవుతుంది.

శబ్దం సంగతి చాలామంది గమనించరు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతానికి పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వాణిజ్య ప్రాంతానికి పగలు 65, రాత్రి 55. కాగితం మీద రెండెకరాల రంగు మారితే మీ పిల్లల నిద్ర మీద ఉన్న రక్షణ కూడా పలచబడే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఎవరైనా పరిశీలించినట్టు నోట్ ఫైల్లో ఉందా అని అడగండి. జోన్ ఏదైనా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు నిషేధం ఉంది, అది గుర్తుంచుకోండి.

హైకోర్టులో రిట్ వేయాలంటే ఆలస్యం చేయకండి. గోడలు లేచి, స్లాబు పడి, డబ్బు ఖర్చయిపోయాక కోర్టులు వెనక్కి తిప్పడానికి వెనకాడతాయి. లక్నోలో జండేవాలా పార్కు కింద కట్టిన మార్కెట్‌ని 1999లో సుప్రీంకోర్టు పడగొట్టించి పార్కును తిరిగి ఏర్పాటు చేయించింది, అయితే అంత గట్టి ఉత్తర్వు అన్ని కేసుల్లోనూ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. నోట్ ఫైలు చేతికొచ్చిన రోజే భూమి కేసులు చూసే న్యాయవాదిని కలవండి. "మాకు అన్యాయం జరిగింది" అని కాకుండా "మా అభ్యంతరం ఫలానా తేదీన అందింది, ఫలానా పేజీలో దాని ప్రస్తావన లేదు" అని చెప్పగలిగితే సగం పని అయినట్టే. ఒకవేళ గడువులోగా మీరు ఏ అభ్యంతరమూ ఇవ్వలేదనుకోండి, అప్పుడు వాదన నోటీసు మీదికి, షరతుల మీదికి, బిల్డింగ్ ప్లాన్ మీదికి మళ్లుతుంది. న్యాయవాదికి ఆ సంగతి మొదటే చెప్పండి.

పైస్థాయిలో మారాల్సింది కూడా అడగాలి, మనం అడగకపోతే ఎవరూ అడగరు. దరఖాస్తు వచ్చిన రోజే ఆ స్థలంలో అందరికీ కనబడేలా తెలుగులో బోర్డు పెట్టించాలి: ఏ జోన్ నుంచి ఏ జోన్‌కి, అభ్యంతరం ఎవరికి, ఎప్పటిలోగా. అభ్యంతరాలు వినేవారు ప్రతిపాదన రాసిన విభాగానికి బయటి వారై ఉండాలి. ప్రతి అభ్యంతరానికీ జవాబు జీవోలోనే రాయాలి. ఎన్నికైన కౌన్సిల్ అభిప్రాయం తప్పనిసరి చేయాలి, ప్రభుత్వం దాన్ని కాదంటే ఎందుకో చెప్పాలి. వీటిలో కొన్నిటికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, స్థలంలో బోర్డు పెట్టించడం లాంటివాటికి టుడా తీర్మానం చేసుకుంటే చాలు. రాష్ట్రంలో ల్యాండ్ టైట్లింగ్ చట్టం వచ్చినప్పుడు సివిల్ కోర్టులు తేల్చాల్సిన హక్కుల తగవులను అధికారుల చేతిలో పెడుతున్నారని న్యాయవాదులు రాష్ట్రమంతా కోర్టులు బహిష్కరించారు. 2024లో ఆ చట్టం రద్దయింది. అధికారం ఎక్కడ పోగవుతోందో జనానికి అర్థమైతే ప్రభుత్వాలు వింటాయి.

జీవో నకలు దొరకగానే నంబరు, తేదీ, షరతుల పేజీ ఇక్కడ పెట్టండి. పేర్లు, ఫోన్ నంబర్లు చెరిపేసి పెట్టండి. చదివి ఎక్కడ పట్టుకోవాలో చెబుతాను. ఆర్టీఐ దరఖాస్తు రాయడంలో సందేహం ఉంటే ముసాయిదా కూడా పెట్టండి, దిద్ది ఇస్తాను.